సాన చప్పుడు

సానరాతి మీద చారెడు నీళ్లు చల్లి, గొడ్డలి కామను మోకాలి కింద నొక్కిపట్టి, దేముడమ్మ ఎప్పటిలాగే పని మొదలుపెట్టింది. ఉక్కునగరం వైపు పోయే మొదటి షిఫ్టు బస్సులు రొద చేసుకుంటూ పోతున్నాయి. గుడిసెలో మొగుడు తవిటయ్య ఇంకా పక్క దిగలేదు. ఈ చప్పుడు ఆగితేనే అతనికి తెల్లవారినట్టు.

పెళ్లయిన కొత్తలో బొబ్బిలి దగ్గరి ఊరు వదిలి ఇద్దరూ గాజువాక వచ్చారు. తవిటయ్య కట్టెల అడితిలో చేరిన నాటి నుంచీ సాన ఆమెది, దెబ్బ అతనిది. లారీ కమాను పట్టీతో కొట్టించిన గొడ్డలి అది. కట్టెలు కొట్టే ఇంట పుట్టిన పిల్ల కనుక ఆమెకు అన్నం వండడం కంటే ముందు సాన పట్టడం వచ్చింది. రాతి మీద తోసేటప్పుడు బరువు వేస్తుంది, లాగేటప్పుడు చెయ్యి తేల్చేస్తుంది. చివర్లో అంచును బొటనవేలి గోటికి ఆనించి చూస్తుంది. జారిందా, మళ్లీ మొదలు. ఆమె చూశాక తవిటయ్య మరి చూడడు. ఆ చూడకపోవడమే ఆమెకెంత గర్వమో! పట్టుచీర కొనిచ్చినా అంత మురిసేది కాదు.

కానీ ఈ వేళ రాతి మీద నడుస్తున్నది అంచు కాదు. గొడ్డలిని తిరగేసి, వెనక మొద్దు భాగాన్ని రుద్దుతోంది.

మొన్న పెద్దాసుపత్రిలో డాక్టరు తవిటయ్య గుండె చూసి, కొన్నాళ్లు గొడ్డలి ముట్టొద్దన్నాడు. దేముడమ్మ బతిమాలింది, ఏడ్చింది, అన్నం మానేసింది. ఆ మొండిమనిషి వింటేనా! నిన్న చింతమొద్దులు కొట్టి అంచు చచ్చిపోయి ఉంది. అలాగే పంపిస్తే మొద్దులో దిగదు, విసుగెత్తి ఇంటికొచ్చేస్తాడు, తనను నాలుగు తిట్లు తిడతాడు. తిట్టనీ. చప్పుడు వినబడకపోతే అతనే లేచి సాన పట్టుకుంటాడని ఈ నాటకం.

"అయిపోనాదేటే?" అన్నాడు తవిటయ్య బయటికొస్తూ.

"అయిపోనాది. ఈ పూటకి ఎల్లకు మావా."

"ఇంటికాడ కూకుని నాను ఏటి సేత్తాను? నీ మొకం సూత్తానా?"

నవ్వి, గొడ్డలి భుజాన వేసుకున్నాడు. అంచు వైపు కన్నెత్తయినా చూడలేదు.

ఆమె పెందరాళే అన్నం వార్చింది. అతనికిష్టమని ఎండు చేపలు వేయించింది. తిట్టుకుంటూ వచ్చే మనిషి కోసం మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం అతని జోడీగా కట్టెలు కొట్టే గురువులు వచ్చాడు. చేతిలో తవిటయ్య గొడ్డలి ఉంది.

"వదినా..." అంటూ గుమ్మంలోనే కూలబడ్డాడు. "సింతమొద్దులో గొడ్డలి దిగనేదు. నా గొడ్డలి ఇత్తానన్నాను. ఒద్దన్నాడు. 'మా దేముడమ్మ సాన పెట్టినాది, తప్పు మొద్దుదేరా' అన్నాడు. మరింత బలంగా ఏసినాడు. ఏసి ఏసి, ఆ మొద్దు మీదే వాలిపోనాడు వదినా!"

పదునున్న గొడ్డలికి బలం అక్కర్లేదని దేముడమ్మకంటే ఎవరికి తెలుసు? తను సాన పట్టి ఉంటే ఆ మొద్దు నాలుగు దెబ్బలకు విడిపోయేది.

సాయంత్రం తవిటయ్యను శ్మశానానికి మోసుకుపోయారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఏడ్చారు. ఎవరికీ చెప్పుకోలేని మాటను కడుపులో పెట్టుకుని ఆమె గోడకు చేరగిలబడింది. ఎదురుగా, గురువులు తలుపు పక్కన ఆనించిపోయిన గొడ్డలి అంచు మసకగానే ఉంది. దాని వెనక మొద్దు భాగం మాత్రం ఏనాడూ లేనంత తళతళలాడుతోంది.