ఈశాన్యం మాత్రం సరిగ్గా ఉంది

రాయ్‌పూర్‌లో భవనాల నక్షాలు గీసే మా ఆఫీసులో ప్రతి డ్రాయింగుకూ కుడివైపు కింద రెండు గడులుంటాయి. ఒకటి గీసినవారి పేరుకు, రెండోది తనిఖీ చేసినవారి పేరుకు. గీసేది నేను, నీలిమను. తనిఖీ చేసేది మా యజమాని చెన్నకేశవులుగారి కొడుకు మణిదీప్. తనిఖీ అంటే డ్రాయింగు తెరిచి, తల ఊపి, మూసేసి, టాటీబంధ్ చౌక్‌కి చాయ్ తాగడానికి వెళ్ళడం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ అబ్బాయి స్కూల్లో ఉన్నాడు.

రెండో గడిలో పేరెక్కితేనే మా దగ్గర సీనియర్ అంటారు. "వచ్చే ప్రాజెక్టుకి నీ పేరే బేటీ" అని చెన్నకేశవులుగారు ప్రతి దీపావళికీ స్వీటు డబ్బాతో పాటు మాట కూడా ఇచ్చేవారు. డబ్బాలో స్వీట్లు మాత్రం నిజంగానే ఉండేవి.

అలాంటి సమయంలో తెలుగు సంఘం కళ్యాణమండపం పని వచ్చింది. సంఘం అధ్యక్షుడు పరదేశిగారు, రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో రిటైరై డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో స్థిరపడ్డ మనిషి. మండపానికి కొన్న స్థలానికి రోడ్డు దక్షిణాన ఉంది. దక్షిణ ముఖం స్థలం కొన్నామన్న దిగులు కమిటీ మొత్తానికీ లోపల్లోపల ఉంది. "ఈ మండపానికి తనిఖీ నీదే, ఒట్టు. మొదటి ప్రింటు మటుకు మణి పేరుతో పోనీ" అన్నారు చెన్నకేశవులుగారు. ఒట్టు అన్నారు కదా అని నమ్మాను, నా ఖర్మ.

సర్వే కొలతలు ఎక్సెల్ షీటులో వచ్చాయి. మామూలుగా అయితే ఆ అంకెల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ నేను కంప్యూటర్‌లో, డ్రాయింగులు గీసే క్యాడ్‌లో కొట్టేదాన్ని. మణిదీప్ అప్పుడే ఏదో కోర్సు చేసి చిన్న ప్రోగ్రాం ఒకటి పట్టుకొచ్చాడు. బటన్ నొక్కితే షీటులోని అంకెలన్నీ చుక్కలై తెరమీద వాలతాయి. "దీదీ, మీరు రెండ్రోజులు కొట్టే పని, చూడండి" అని నొక్కాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా. చుక్కలు వాలాయి, గీతలు కలిశాయి, స్థలం వచ్చేసింది. రోడ్డు పడమర వైపు వచ్చింది. నాకు అనుమానం రాలేదు, ఎందుకంటే నేను స్థలం చూడలేదు. గీసేవాళ్ళను సైటుకు తీసుకెళ్ళే చెడ్డ అలవాటు మా ఆఫీసులో లేదు.

చెన్నకేశవులుగారు మాత్రం చాలా నిష్ఠగా పరీక్షించారు. ఉంగరం వేలు తెరమీద పెట్టి ఈశాన్యం మూల చూశారు. బోరు అక్కడే ఉంది. "బస్, ఈశాన్యం పక్కా" అన్నారు. ఈశాన్యం సరిగ్గా ఉంటే మిగతా దిక్కులు వాటంతటవే సర్దుకుంటాయన్నది మా ఆఫీసు ఇంజినీరింగు. అబద్ధమెందుకు, నేనూ ఆ మూలే చూసి ఊరుకున్నాను.

నక్షా చూసి పరదేశిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏటండీ కేశవులుగారూ, రోడ్డు దచ్చిణాన గదా ఉంది. పడమటికెప్పుడెళ్ళిపోనాది?"

"మీరు కంటితో చూశారు, సర్వేవాళ్ళు మెషీన్‌తో కొలిచారు."

పరదేశిగారు నక్షాను కళ్ళకు దగ్గరగా పట్టుకున్నారు. "అయితే దచ్చిణ దోసం నేదన్నమాట" అన్నారు మెల్లగా. కమిటీ అంతా లడ్డూలు పంచుకుంది. రాయ్‌పూర్‌లో సూర్యుడైనా పొరపాటు పడవచ్చు గానీ ఎక్సెల్ షీటు పడదు కదా. నేను పడమరకు పెద్ద గేటు, మెట్లు పెట్టి, దక్షిణం వైపు మరుగుదొడ్లూ గిన్నెలు కడిగే చోటూ గీశాను.

పునాదికి ముగ్గు పోసే రోజున బీర్‌గావ్ మేస్త్రీ ప్రేమ్‌చంద్ ఈశాన్యం మూల నుంచి టేపు లాగాడు. లాగుతూ లాగుతూ ప్రహరీ దగ్గర ఆగిపోయాడు. "సాబ్, నక్షా తో దీవార్ కే ఉస్ పార్ జా రహా హై" అన్నాడు. నక్షా గోడ దాటి అవతలికి పోతోందట. మండపం పడమటి భాగం పక్కనున్న లారీల గోడౌన్‌లో పడుతోంది. పెద్ద గేటు లారీల మధ్య తెరుచుకుంటుంది. రోడ్డు మీదికి మాత్రం వరసగా మరుగుదొడ్లు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

మణిదీప్ కారులో కూర్చుని షీటు తెరిచాడు. సర్వేవాళ్ళు ఉత్తరం అంకె ముందు, తూర్పు అంకె తర్వాత రాశారు. క్యాడ్‌కి తూర్పు ముందు కావాలి. మనవాడి ప్రోగ్రాం రెండింటినీ తారుమారు చేసి మింగింది. అలా తిరగేస్తే దక్షిణం పడమర అవుతుంది, ఆగ్నేయం వాయవ్యం అవుతుంది, నిలువు స్థలం అడ్డం అవుతుంది. ఈశాన్యం మటుకు ఉన్నచోటే ఉంటుంది. మావాళ్ళు చూసే మూల అదొక్కటే.

మధ్యాహ్నం సంఘం గదిలో పంచాయితీ. "గీసిందెవులో నాకక్కర్నేదు. తనికీ సేసిందెవులు?" అన్నారు పరదేశిగారు. మణిదీప్ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. చెన్నకేశవులుగారు సంచిలోంచి కొత్త ప్రింటు తీసి బల్లమీద పరిచారు. తప్పు డ్రాయింగే, అదే గేటు, అవే మరుగుదొడ్లు. రెండో గడిలో పేరు మాత్రం మారింది. నీలిమ.

చెప్పడానికి సిగ్గేస్తుంది. కోపం రావలసిన చోట నాకు ముందు సంతోషం వచ్చింది. ఆ గడిలో నా పేరు ఎంత బాగుందో అనుకున్నాను. కోపం తర్వాత వచ్చింది, వచ్చాక చెవులదాకా ఎక్కింది.

"సదువుకున్న పిల్లవి, దిక్కులు తెల్దేటమ్మా? పెళ్ళోరికి పాయకానాల్లోంచి దారెట్టినావు" అని పరదేశిగారు అందరిముందూ దులిపేశారు. చెన్నకేశవులుగారు కిటికీ వైపు చూస్తున్నారు.

"అవును బాబాయిగారూ, తనిఖీ నాదే" అన్నాను. చెన్నకేశవులుగారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "తప్పు నా పేరు మీద ఉంది గనక, సరిచేసింది కూడా నా పేరు మీదే రావాలి. ఇకమీద ఏ డ్రాయింగులోనైనా తనిఖీ గడిలో వేరే పేరుంటే మీరు తీసుకోకండి."

"అదీ మాట. తిట్లు తిన్న మనిసే సూసుకోవాల. కేశవులుగారూ, మండపం లేసేదాకా ఈ పాప పేరే ఉండాల."

"బిల్కుల్, బిల్కుల్" అన్నారు చెన్నకేశవులుగారు, వేపాకు నమిలినట్టు.

అంకెల వరసలు మార్చి, ప్రేమ్‌చంద్‌తో స్థలమంతా తిరిగి, మొత్తం మళ్ళీ గీశాను. రోడ్డు దక్షిణానికి తిరిగొచ్చింది. కమిటీకి దిగులూ తిరిగొచ్చింది. ప్రింటు తీయబోతుంటే చెన్నకేశవులుగారు నా కుర్చీ దగ్గరికి వచ్చారు.

"గల్తీ ఖతమ్ అయింది కదా బేటీ. ఇక మణి పేరు పెట్టేద్దామా?"

"పెట్టండి సార్. పరదేశిగారికి మీరే ఫోన్ చేసి చెప్పండి."

ఆయన ఫోన్ తీయలేదు. ప్రింటు నా పేరుతోనే వచ్చింది. ఇన్నేళ్ళూ ఒప్పులు గీస్తే దొరకని గడి, చేయని తనిఖీ ఒకటి నెత్తిన వేసుకోగానే దొరికింది. సాయంత్రం చౌక్‌లో ఆటో కోసం నిలబడి, లారీల హోరులో ఎవరికీ వినబడకుండా ఏడ్చాను. కళ్ళెందుకు ఎర్రబడ్డాయని ఇంట్లో అడిగితే, ప్రమోషన్ వచ్చిన సంతోషంతో అని చెప్పాను.