గర్జాసురుడి బోణీ

బొమ్మల బండి మీది టార్పాలిన్ తీయగానే మోతీలాల్ ముందు గర్జాసురుడి బొమ్మను బయటికి తీసి, తువ్వాలుతో మొహం తుడిచి, కొక్కేనికి వేలాడదీశాడు. ఒక కొమ్ము విరిగింది, తోక రంగు వెలిసింది. అయినా ఆ కోరలు, ఆ గుడ్లురిమిన చూపు అట్లాగే ఉన్నాయి. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో మిగతా దుకాణాల వాళ్లు పొద్దున్నే దేవుడి పటానికి మొక్కితే, మోతీలాల్ ఈ రాక్షసుడికి మొక్కుతాడు.

అతని బోణీ ఎప్పుడూ రాక్షసుడే. మొదటి బేరానికి వచ్చిన పిల్లకు మంచి భూతాన్ని చచ్చినా అమ్మడు. రాక్షసుణ్ని కొనుక్కుపోయిన పిల్ల ఆ రాత్రి నిద్రపోదు. తెల్లారి వాణ్ని ఓడించే భూతం కోసం తండ్రిని లాక్కొస్తుంది. బతుకంతా ఈ కిటుకు మీదే నడిచింది.

'భూతాల దండు' బొమ్మలు అమ్మడానికే పుట్టిన టీవీ కార్టూన్. అందులో మంచి భూతాలన్నీ కలిసి గర్జాసురుణ్ని ఓడిస్తుంటాయి. మొదట్లో గర్జాసురుడు తెర మీదికి వస్తే బండికి ఎదురుగా ఉన్న సునంద హోటల్లో చాయ్ తాగే పెద్దవాళ్లు సైతం గ్లాసు కింద పెట్టేవాళ్లు. తర్వాత కంపెనీకి ఆశ ఎక్కువైంది. చక్రాల బొమ్మ అమ్మాలి గనక వాడికి చక్రాలు మొలిచాయి. ఆ పైన కడుపులో లైటు వెలిగింది. చివరికి ప్రతి వారం అరటితొక్క మీద జారిపడి, నవ్వు మొహంతో క్షమాపణ చెప్పుకునే గతి పట్టింది. పిల్లలు బండి ముందు ఆగడం మానేశారు.

భార్య జమ్లీ అప్పటికే భూపాలపల్లిలో తన తమ్ముడు భోజ్యా దగ్గరికి పోయింది. భోజ్యా అక్కడ బావకు వాచ్‌మన్ పని మాట్లాడి పెట్టాడు. కానీ పాత గర్జాసురుడు ఈ రోజు తిరిగి వస్తున్నాడని టీవీలో వారం నుంచి ఊదరగొడుతున్నారు. వాడు మునుపటిలా భయపెడుతూ వస్తే బండి ఉంటుంది, లేకపోతే సాయంత్రమే బస్సెక్కుతానని జమ్లీకి మాటిచ్చాడు మోతీలాల్.

ఆ పొద్దంతా అతని కాళ్లు నేల మీద నిలవలేదు. బండికి రంగుకాగితాల తోరణం కట్టాడు. పక్కన పూలమ్మే యమునకు చెప్పిందే మళ్లీ చెప్పి విసిగించాడు. టైముకు ముందే సునంద హోటల్లో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. సునంద కూతురు అలేఖ్య కూడా బెంచీ ఎక్కింది. బండి మీది గర్జాసురుడు కనబడితే తల్లి చీరలో దూరే పిల్ల అది.

తెర నల్లబడింది. గుహలోంచి ఆ పాత గర్జన. మోతీలాల్‌కు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"అగో, వచ్చిండు," అన్నాడు.

కోరలు, కొమ్ములు, ఎర్రటి కళ్లు. పిల్లలు ఊపిరి బిగబట్టారు. అంత సంతోషం అతనికి తన పెళ్లిలో కూడా కలగలేదు.

గర్జాసురుడు ఒక్క అడుగు వేశాడు. కాలి కింద అరటితొక్క. జారిపడి, లేచి, భూతాలతో కలిసి డ్యాన్సు మొదలుపెట్టాడు. మెడలో కొత్త డోలు. వెంటనే ఆ డోలు బొమ్మ ప్రకటన కూడా వచ్చేసింది. అలేఖ్య ఆవలించింది.

మోతీలాల్ సునంద వైపు తిరిగాడు.

"రాచ్చసుడే గిట్ల ఎగురుతుంటే భూతాలకేం పనుంటది చెల్లె? నాకేం పనుంటది?"

"జర చాయ్ తాగన్నా," అంది సునంద.

తాగి లేచాడు. బండిని పూలకు పనికొస్తుందని యమునకు అప్పజెప్పాడు. బొమ్మలు మూటగట్టాడు. గర్జాసురుణ్ని మాత్రం తెచ్చి హోటల్ కౌంటరు మీద పెట్టాడు.

"ఈన్ని గీడనే ఉంచుత. నీ బిస్కెట్ల జోలికి ఎవలు రారు."

భూపాలపల్లి బస్సు కదిలినప్పుడు సునంద పాలు కాస్తూ ఉంది, చూడలేదు.

మర్నాడు పొద్దున అలేఖ్య బిస్కెట్ల సీసా కోసం చెయ్యి చాపి, గబుక్కున వెనక్కి లాక్కుని, తల్లి చీరలో దూరింది. సీసా పక్కన గర్జాసురుడు, ఒంటి కొమ్ముతో, కోరలు బయటపెట్టుకుని నిలబడి ఉన్నాడు.