సాక్చీ గోల్‌చక్కర్ దగ్గర ఆగిన కారు

రజని టాటానగర్‌లో ఇంటింటికీ వెళ్లి ఫిజియోథెరపీ చేస్తుంది. కాసిడీహ్‌లోని ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరి, సోనారిలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని చూసుకుని, అక్కణ్ణుంచి టెల్కో కాలనీకి వెళ్తుంది. భర్త హరిప్రసాద్ అక్కడే గూడ్సు రైళ్ల గార్డు. డ్యూటీకి ఎక్కితే ఎప్పుడు దిగుతాడో అతనికే తెలియదు. అందుకే కిందటి దసరాకి కొత్త కారు కొన్నప్పుడు తాళాలు రజని చేతికే వచ్చాయి.

చలికాలమంతా కారు బాగానే నడిచింది. ఎండలు ముదిరాక, టెల్కో వెళ్లే దారిలో మొదటిసారి ఆగిపోయింది. కుదుపు లేదు, శబ్దం లేదు. నడుస్తున్న ఇంజను ఉన్నట్టుండి ఊరుకుంది. తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతోంది గాని ఇంజను అందుకోవడం లేదు. వెనకాల లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. కాసేపు పోయాక మళ్లీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టయింది.

వారంటీ ఉంది కదా అని కంపెనీ వర్క్‌షాప్‌కి తీసుకెళ్లింది. అక్కడ సర్వీస్ అడ్వైజర్ గౌరీశంకర్. రజని తన అత్తగారితో ఫోన్లో మాట్లాడుతుంటే విని, మీరు తెలుగువాళ్లా అని అడిగాడు. వాళ్లదీ శ్రీకాకుళం వైపేనట, తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చి సోనారిలో స్థిరపడ్డారట. ఆ రోజు నుంచి 'అక్కా' అనే పిలిచాడు. కారుకి కంప్యూటర్ తగిలించి చూశారు. లోపమేమీ చూపించలేదు. ఏదో శుభ్రం చేసి ఇచ్చారు.

కొన్నాళ్లకి మళ్లీ ఆగింది. ఈసారి పెట్రోలు బాగుండి ఉండదన్నారు. బంకు మార్చింది. మళ్లీ ఆగింది. ఫ్యూయల్ పంపు మార్చారు, వారంటీలోనే. దాంతో పీడ వదిలిందనుకుంది. ఆ వారంలోనే, కూతురు ప్రియని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే మానగో బ్రిడ్జి మీద ఆగింది. వెనక సీట్లోంచి ప్రియ, "మమ్మీ, ఫిర్ సే? మళ్లీనా?" అంది. ముందు సీట్లో రజని పక్కన ఉన్న అత్తగారు జోగమ్మ చీర చెంగుతో విసురుకుంది.

నాలుగోసారి వెళ్లినప్పుడు గౌరీశంకర్ ఆమెని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. ట్రాఫిక్‌లో కొంతమంది ఆడవాళ్లు క్లచ్ మీద కాలు సరిగా ఉంచరట, బండి ఆగిపోతుందట, అది బండి తప్పు కాదట. మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

ఆ సాయంత్రం ఫోన్లో భర్తకి చెప్పింది. హరిప్రసాద్ అడవిలో ఏదో చిన్న స్టేషన్లో సిగ్నల్ కోసం ఆగి ఉన్నాడు. అంతా విని, "ఆ వర్క్‌షాపోలు రోజూ బళ్లు సూసీవోలు గదా. నువ్వోసారి క్లచ్ సంగతి సూసుకోకూడదేటి?" అన్నాడు.

రజని కారు తియ్యడం మానేసింది. ఆటోల్లో తిరిగింది. సోనారి పెద్దాయన దగ్గరికి రెండుసార్లు ఆలస్యంగా వెళ్లేసరికి, ఆయన కోడలు వేరే మనిషిని చూసుకుంటామని మెల్లగా అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి రజని మంచం మీద కూర్చుండిపోయింది.

జోగమ్మ అన్నం వడ్డిస్తూ అంది. "ఆ బ్రిడ్జి మీద నాను నీ పక్కనే ఉన్నాను గదే. బండి తిన్నగా ఎల్తంది, ఉత్తినే ఆగిపోనాది. నీ తప్పేటుంది అందులో? నీకే నమ్మకం నేకపోతే ఆలకెలాగొత్తాది?"

మర్నాడు రజని మళ్లీ కారు తీసింది. తిన్నగా వర్క్‌షాప్‌కి వెళ్లి తాళాలు గౌరీశంకర్ ముందు పెట్టింది.

"ఈరోజు నువ్వు నడుపు తమ్ముడూ. నేను పక్కన కూర్చుంటాను. ఆగీదాకా నడుపు."

అతను మేనేజర్ గదిలోకి వెళ్లి అడిగొచ్చి, అయిష్టంగానే సీట్లో కూర్చున్నాడు.

సోనారి ఏరోడ్రోమ్ మీదుగా వెళ్లారు. నది పక్క రోడ్డంతా తిరిగారు. కారు హాయిగా నడుస్తోంది. గౌరీశంకర్ మధ్యలో ఫోన్లు ఎత్తుతూ, కస్టమర్లకి జవాబులు చెబుతూ, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పికి ఏం చెయ్యాలో రజనిని అడిగాడు. ఆమె చెప్పింది గాని మనసంతా ఇంజను మీదే ఉంది. సొంత కారు ఆగిపోవాలని కోరుకోవడం ఎంత విచిత్రంగా ఉందో అనుకుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంక వెళ్లిపోదామా అక్కా అని అతను అడిగాడు. ఒకవేళ నిజంగా తన కాలిదే తప్పేమోనన్న అనుమానం ఆమెకీ మొదలైంది. అయినా, మార్కెట్ వైపు నుంచి వెళ్దామంది.

సాక్చీ గోల్‌చక్కర్ దగ్గర, కూడలి చుట్టూ తిరుగుతుండగా ఇంజను ఊరుకుంది.

గౌరీశంకర్ తాళం తిప్పాడు. మళ్లీ తిప్పాడు. క్లచ్ పూర్తిగా తొక్కి తిప్పాడు. వెనక మినీబస్సు కండక్టర్ తలుపు మీద బాదుతూ హిందీలో తిట్టడం మొదలెట్టాడు. గౌరీశంకర్ మెడ మీద చెమట కారుతోంది. రజనికి సంతోషంగా ఏమీ అనిపించలేదు. ఆ కుర్రాడు పడుతున్నది తను ఎన్నిసార్లు పడిందో గుర్తొచ్చింది. చెయ్యి చాపి హజార్డ్ లైట్లు వేసింది.

"ఇంక తిప్పకు. చల్లారిపోతే మళ్లీ స్టార్టయిపోద్ది, అప్పుడేమీ దొరకదు. మీ మెకానిక్‌ని ఇక్కడికే రమ్మను, కంప్యూటర్ పట్టుకుని."

కూడలిలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ సాయం పట్టి కారుని పక్కకి తోయించాడు. మోటార్‌సైకిల్ మీద మెకానిక్ వచ్చేవరకు గౌరీశంకర్ ఆమె వంక చూడలేదు. ఇంజను ఇంకా కాగుతుండగానే మెకానిక్ స్టార్టరు తిప్పించి చూశాడు. ఇంజను తిరుగుతున్నా తిరగడం లేదన్నట్టే కంప్యూటర్ చూపిస్తోంది. ఆ సమాచారం పంపే క్రాంక్ సెన్సర్ వేడెక్కగానే చచ్చిపోతోందని, చల్లారాక మామూలుగా పనిచేస్తోందని అతను చెప్పాడు. అరచేతిలో ఇమిడిపోయే వస్తువు. మరో రెండు రోజుల్లో కొత్తది తెప్పించి వేశారు.

కారు అప్పగించేటప్పుడు గౌరీశంకర్, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అక్కా. కంప్యూటర్లో ఏటీ కనబడకపోతే మేం అదే చెప్తాం, అలవాటైపోయింది," అన్నాడు. ఇంకొకరికి చెప్పేముందు ఒకసారి నువ్వు నడిపి చూడమని రజని అంది. కోపంగా అనలేదు. వాళ్లమ్మని చూడ్డానికి ఆదివారం వస్తానని కూడా చెప్పింది.

హరిప్రసాద్ డ్యూటీ దిగి వచ్చిన సాయంత్రం, పక్కింటి సోమేశ్వరరావుతో గేటు దగ్గర నిలబడి సెన్సర్ గురించి చెబుతున్నాడు. మొదట్నుంచీ అదేనని తనకి అనుమానమన్నట్టుగా చెబుతున్నాడు. అతను లోపలికొచ్చేవరకు రజని ఆగింది.

"మీకు అనుమానం ఉన్నది సెన్సర్ మీద కాదు, నా మీద."

అతను చొక్కా గుండీలు తీస్తూ ఆగిపోయాడు. కాదని అనబోయి మానుకున్నాడు.

"అవున్రజనీ. ఆలు చెప్పింది నమ్మేను. నిన్నడగాల్సింది."

ఆమె అంతకంటే పొడిగించలేదు. భోజనాల దగ్గర మామూలుగానే మాట్లాడుకున్నారు. కాని ఆ రాత్రి అంట్లు అతనే తోమాడు, ఎవరూ అడక్కుండానే.

సోనారి పెద్దాయన మళ్లీ పిలవలేదు. కొత్త మనిషి ఆయనకి అలవాటైపోయింది. టెల్కోలో మాత్రం ఇంకో రెండిళ్లు దొరికాయి. కారు తర్వాత ఎప్పుడూ ఆగలేదు గాని, ప్రతి మలుపులోనూ ఇంజను చప్పుడు చెవొగ్గి వినే అలవాటు రజనికి వర్షాకాలం సగం గడిచేదాకా పోలేదు.