పేపర్లో పడని బావి

ఇస్రాయేలుకు పట్నం పత్రిక విలేకరి అన్న పేరైతే ఉంది గానీ జీతం లేదు. రాసిన వార్త కింద పేరు వేసే అలవాటు ఆ పత్రికకు అంతకన్నా లేదు. మర్రిగూడ దగ్గర పిడుగు పడి ఎద్దు చచ్చిందనో, గడ్డివాము తగలబడిందనో రాసి డాకులో వేస్తే, మూరెడు రాసింది బెత్తెడై అచ్చయ్యేది. ఆయన కోరికల్లా ఒక్కటే. ఊరి బావి సంగతి పేపర్లో పడాలి. ఆ నీళ్ళతో పిల్లల పళ్ళు గారపడుతున్నాయి, పెద్దల నడుములు బిగుసుకుపోతున్నాయి. రాస్తూనే ఉన్నాడు. అది మాత్రం పడదు.

పొద్దున బస్సులో పేపరు రాగానే కాటమయ్య హోటల్ ముందు బెంచీ ఎక్కి అందరికీ వినిపించడమూ ఆయన పనే. చదివినవాడికి చాయ్ ముఫ్తు. వినేవాళ్ళలో ముందు కూర్చునేది నర్సింగమ్మ. ఆమె కొడుకు సైదులుకు మీసాలొచ్చాయి గానీ, కాళ్ళు కొడవళ్ళలా వంగిపోయి గడప దాకా పాకడమే.

"మన బాయి పడ్డదా బిడ్డా?" అనేది ఆమె.

"పడలే అవ్వా."

"బాయి పేపర్ల పడాల్నంటే ముందుగాల మంత్రి బాయిల పడాలె అక్కా!" అనేవాడు కాటమయ్య.

మంత్రి బావిలో పడలేదు గానీ, బడి గది తెరవడానికి ఊళ్ళోకైతే వచ్చాడు. నర్సింగమ్మ చెంబెడు బావి నీళ్ళు పట్టుకుని ఎదురుపోయింది. ఆయన వెంట ఉన్న మనిషి ఆ చెంబు అందుకుని పక్కన పారబోశాడు. మంత్రి జీపులో తెచ్చుకున్న డబ్బా నీళ్ళు తాగాడు.

ఇస్రాయేలు అదంతా రాసి, డాకును నమ్మక, బస్సెక్కి పట్నం పోయి తనే ఇచ్చాడు. ఆఫీసులో పెద్దాయన రెండుసార్లు చదివాడు.

"బాగా రాశావయ్యా," అని, ఆనాటి పేపరు తెరిచి, సగం పేజీ నిండిన సర్కారు ప్రకటన మీద చెయ్యి పెట్టాడు. "మా అన్నం ఇక్కడుంది. వాళ్ళకు కోపమొస్తే ఇది ఆగిపోతుంది. సరే, చూద్దాం."

ఆ చూద్దాం పట్టుకుని ఇస్రాయేలు రోజూ బస్సుకు ఎదురుచూశాడు. ఒకనాడు పేపర్లో ఊరి పేరు కనబడింది. బెంచీ మీద నిలబడి కళ్ళతో చదువుకున్నాడు. 'మంత్రివర్యులు గ్రామ బావి నీటిని సేవించి, తియ్యగా ఉన్నదని కొనియాడారు.'

"పడ్డదా?" అంది నర్సింగమ్మ.

"పడ్డది," అన్నాడు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, తాను రాసిందే గుర్తుచేసుకుంటూ చదివాడు. చెంబు, జీపు, డబ్బా, గడప దగ్గర సైదులు. కాటమయ్య పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

"మళ్ళొకసారి సదువు."

మళ్ళీ చదివాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"పట్నంల గూడ గిప్పుడు గిదే సదువుతున్నరా బిడ్డా?"

"సదువుతరు, సదువుతరు. చాయ్ తాగక్కా," అన్నాడు కాటమయ్య.

ఇస్రాయేలు బెంచీ దిగాడు. "లేదవ్వా. పేపర్ల ఏరే ఉన్నది. మంత్రి మన నీళ్ళు తాగిండట, తియ్యగున్నయన్నడట. నేను సదివింది నేను రాసింది."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నర్సింగమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"నువ్వు రాసిన దాంట్ల మా సైదులు పేరున్నది గదా?"

"ఉన్నది."

"అయితే నడువ్. వానికి గూడ ఇనిపియ్యి. ఆళ్ళు ఎప్పుడేస్తరో ఏమో."

చాయ్ అక్కడే వదిలేసి వెంట పోయాడు. సైదులు గడప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"అన్నా, అచ్చుల నా పేరు ఎట్ల కనబడతదే?" అని అడిగాడు.

అచ్చులో తన పేరు ఇస్రాయేలు కూడా ఇంకా చూడలేదు.