సున్నాగా కనిపించిన చావు

హఠాత్తుగా కూలిన ప్రోగ్రాము పని ముగించుకుని వెళ్లిందని ఎవరు తేల్చారు?

అల్వాల్ నర్సింగ్‌హోమ్‌లో నా మనవరాలి ఇంక్యుబేటర్ చల్లబడినా అలారం మోగలేదు. నర్సు రోసమ్మ చేయి పెట్టి చూసింది కనుక బిడ్డ బతికింది.

"అలారం ప్రోగ్రాము ఆగినంక సున్నా వచ్చింది కద మేడం, సున్నా అంటే తప్పు లేనట్టే, మంచిగనే అయిపోయిందనుకున్న. మళ్ల షురూ ఎందుకు చేస్త?" అన్నాడు ఆ అలారం కోడ్ రాసిన ప్రోగ్రామర్ లూకా.

కాలేజీలో సీ ప్రోగ్రామింగ్ భాష బోధించిన నేను అతని కోడ్ చూసి నిర్ఘాంతపోయాను. అలారం నడిపే చైల్డ్ ప్రాసెస్‌ను, అంటే ప్రధాన ప్రోగ్రాము పుట్టించిన పిల్ల ప్రోగ్రామును, సిస్టమ్ సిగ్నల్‌తో, అంటే ఆగిపొమ్మనే ఆదేశంతో, చంపేసింది. అది తనంతట తాను ముగిసిందా అని అడగకుండానే లూకా ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రాము ముగుస్తూ వదిలే అంకె, తీశాడు. సిగ్నల్‌తో చచ్చినదానికీ అక్కడ సున్నాయే కనిపిస్తుంది.

"ఎట్ల ముగిసిందో అడిగే ఒక్క ఇఫ్ షరతు కోసం గింత పరేషానా, మేడం?"

"అది లేకనే బిడ్డ నీలమెక్కింది, లూకా."

ప్రోగ్రాములు రాసేవాళ్లారా, మీ కోడ్ ఇప్పుడే తెరవండి. ప్రాసెస్ ఎలా ముగిసిందో ముందు అడగండి. చంపబడితే వెంటనే మళ్లీ నడపండి.