ఛాయక్క పోయింది

సంచిలో రెండు నూలు చీరలు, బీపీ మాత్రలు, కళ్ళజోడు పెట్టింది ఛాయాదేవి. ఆఖర్న సైకిల్ హెల్మెట్ కూడా పెట్టి, మళ్ళీ తీసి నా ఒళ్ళో పడేసింది.

"రాజమండ్రిలో ఇది పెట్టుకుని ఎక్కడికెళ్తానే? మరదలి కాలు అతుక్కోగానే వచ్చేస్తాగా. ఈలోపు వానలూ తగ్గుతాయి. నీ దగ్గరే ఉంచు."

నా మనసు కుదుటపడింది. ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో ఇరవై రెండేళ్ళు వంట చేశాను. కోర్సు అయిపోయి సంచులు సర్దుకున్న ప్రతి పిల్లా "వస్తా ఆంటీ" అనే వెళ్ళేది. ఒక్కతీ రాలేదు. అందుకే ఎవరైనా సంచి సర్దుతుంటే ముఖం చూడను. ఏం వదిలి వెళ్తున్నారో చూస్తాను. ఛాయక్క హెల్మెట్ వదిలింది.

ఆరేళ్ళుగా ఆదివారాలు సైకిల్ క్లబ్బువాళ్ళతో పాటు మేమిద్దరం కలిసి సైకిల్ తొక్కాం. యూసుఫ్‌గూడలో బయలుదేరి, అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా ట్యాంక్‌బండ్ దాకా. నేను ముందు, ఆమె వెనుక. గుంత కనబడితే నేను చెయ్యి చూపించాలి.

వానాకాలం తొక్కడం బంద్. ఒకసారి పంజాగుట్టలో పొంగిన మురుగు నాలా నీళ్ళు కారు చక్రం కింద నుంచి నా నోట్లోకి చిమ్మాయి. వారం రోజులు అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఈ నెలల్లో ఇంట్లో కూర్చుని చదువుతాను, బ్లాగు రాస్తాను. బడికి వెళ్ళినదాన్ని కాదు. అమీర్‌పేట గోడల మీది కోచింగ్ పోస్టర్లు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. నాకు మొదట వచ్చిన మాట 'డెమో ఉచితం'. హాస్టల్లో ఉన్న సంహిత అనే పిల్ల బ్లాగు తెరిచి ఇచ్చి, తనూ వెళ్ళిపోయింది.

ఛాయక్క వెళ్ళాక నా పాత రాతలన్నీ చదివాను. రోత పుట్టింది. చల్లని గాలి, హాయైన ఉదయం, కాళ్ళలో ఉత్సాహం. చెమట కంపు లేదు, నాలా నీళ్ళు లేవు. అన్నీ అబద్ధాలు. చదివేవాళ్ళు పదకొండు మంది.

ఈసారైనా నిజం రాద్దామని, సోమవారం నోటికి వచ్చినట్టే రాశాను: "ఛాయక్క పోయింది. సైకిల్ తియ్యబుద్ధి అయితలేదు. ఆమె హెల్మెట్ నా తాననే ఉన్నది." కుర్చీలో హెల్మెట్ పెట్టి ఫొటో తీసి జతచేశాను.

మా తెలంగాణ దిక్కున పోయిందంటే ఊరికి వెళ్ళిందని. కోస్తావాళ్ళకు పోయిందంటే చచ్చిపోయిందని.

ఎవరో దాన్ని సైకిల్ క్లబ్బు గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి ఓం శాంతులు మొదలయ్యాయి. ఆమెతో ఒక్క రోజూ తొక్కనివాడు "నాకు తల్లిలాంటిది" అన్నాడు. ఆమె టైరు పంక్చరైతే ఆగకుండా వెళ్ళినవాడు "ఆ చిరునవ్వు మరువలేను" అన్నాడు. ఇంకొకడు ఆమె ఫొటోకి దండ వేసి, పక్కన దీపం వెలిగించి పంపాడు. అసహ్యమేసింది. అయినా చూస్తూనే ఉన్నాను. పదకొండు మంది పన్నెండు వందలయ్యారు. "మూడు వాక్యాల్లో ఎంత దుఃఖం! మీరు నిజమైన రచయిత్రి అమ్మా" అని ఎవరో రాశారు. నన్నెవరూ ఎన్నడూ ఆ మాట అనలేదు. నిజం చెబితే అది ఊడిపోతుంది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

గురువారం ఛాయక్క ఫోన్ చేసింది.

"ఏంటి భూలక్ష్మీ, నేను పోయానట?"

"అయ్యో అక్కా, గట్ల గాదు! ఊరికి పోయిందని రాసిన."

"నీ భాష నాకు తెలీదా? మన సైకిల్ క్లబ్బు ఫారంలో మా తమ్ముడు జోగారావు నంబరుంది చూడు, దానికి ఎవరో చేసి, 'బాడీ హైదరాబాద్ తెస్తున్నారా అండీ' అని అడిగాడు. జోగారావుకి చెమటలు పట్టాయి. పక్కనే నేను బెండకాయలు తరుగుతున్నాను!"

ఇద్దరం నవ్వాం. ఆమె ముందు ఆపింది.

"ఎప్పుడు రాశావు?"

"సోమారం."

"ఇవాళ గురువారం. అప్పట్నుంచీ చూడలేదా?"

"నెట్ సరిగ్గ వస్తలేకుండె అక్కా..."

"నిన్న ఎవరికో జవాబిచ్చావు. 'మీ ప్రేమకు దండాలు' అని. ఇప్పుడే చదివాను."

కుర్చీలోని హెల్మెట్‌ని గోడ వైపు తిప్పి పెట్టాను.

"నా చావుకి దండాలు పెట్టావా భూలక్ష్మీ?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రాత తీసేశాను. "ఛాయక్క బతికే ఉన్నది, తప్పు నాది" అని రాశాను. తొమ్మిది మంది చదివారు. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాను. ఆమె ఎత్తలేదు.

దసరాకి రోడ్లు ఆరాయి. హెల్మెట్ లోపలి స్పాంజికి బూజు పట్టి పాచిగుడ్డ కంపు కొట్టింది. ముక్కు మూసుకుని కడిగి, ఎండబెట్టి, ఫొటో తీసి పంపాను. "ఎప్పుడొస్తున్నవ్ అక్కా?" అని కింద రాశాను.

జవాబు వెంటనే వచ్చింది. "ఎవరికైనా ఇచ్చెయ్. పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదు."

కార్తీకంలో జోగారావు వచ్చి ఆమె అద్దె గది ఖాళీ చేశాడని ఇంటివాళ్ళు చెబితే తెలిసింది.

ఇప్పుడు మళ్ళీ వానలు. సైకిల్ గొలుసు తుప్పు పట్టింది, తుడవాలనిపించడం లేదు. ఎవరూ తప్పుగా చదవకుండా ఈసారి పుస్తకాల భాషలో రాస్తున్నాను. ఛాయాదేవి 2024 జులై పదకొండున రాజమండ్రి వెళ్ళింది. తిరిగి రాలేదు.