తిత్తి మీద బాలింత

రెండు వారాల్లో వచ్చి తీస్తానని గుహలో పాతిన సీసాని, పురుగుల మీద పరిశోధన చేసే రొసాందా మూడేళ్ళు మరిచిపోయింది. మొదట మంచు అడ్డం పడింది, తర్వాత మ్యూజియంలో ఉద్యోగం. తలుచుకుంటే తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

సీసాలో వెనిగర్, మూతికి కట్టిన కంపు చీజ్ ముక్క. వాసనకి వచ్చిన పురుగు అందులో పడితే ఇక పైకి రాదు. ఇప్పుడు తవ్వి తీసి పళ్ళెంలో వంచి లెక్కపెడితే పదకొండు. బియ్యపు గింజంతేసి గుడ్డి తేళ్ళు. తోకా లేదు, కొండీ లేదు, కళ్ళుండాల్సిన చోటు నున్నగా ఉంది. లోకం మొత్తం మీద ఈ ఒక్క గుహలోనే, అదీ వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే బతికే జాతి.

"అయిపోయాయి బాబాయ్. నేనే తుడిచిపెట్టేశాను," అంటూ కూలబడి ఏడ్చింది.

బాబాయ్ ఒబ్రెన్ గొర్రెతోలు తిత్తుల్లో చీజ్ మాగబెట్టేది ఆ గుహలోనే. రేపు ట్రెబినియె సంతకి పట్టుకెళ్ళాలని పెద్ద తిత్తి దించబోయినవాడు ఆగిపోయాడు.

"పురుగుల డాక్టరమ్మా, ఏడుపాపి ఇటు రా. ఇదేనా మీ చుట్టం?"

తిత్తి మీద బూజు తినే నలుసుల్లాంటి పురుగులు పాకుతున్నాయి. వాటి మధ్య తేనె రంగు గుడ్డి తేలు ఒకటి, పీతకున్నట్టు ఒంటికంటే పొడుగైన డెక్కలు చాపి నిలబడింది. డెక్కల మీది వెంట్రుకలు గాలిని తడుముతున్నాయి. పక్కన ఒక నలుసు కదిలిందో లేదో, కళ్ళున్నవాళ్ళకి కూడా చేతకానంత గురిగా పట్టేసింది. ఎన్ని లక్షల ఏళ్ళుగా, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా, చీకట్లో ఇంత దర్జాగా బతుకుతోందో! రొసాందాకి దణ్ణం పెట్టాలనిపించింది.

పొట్ట కింద తెల్లటి సంచి కనిపించింది. గుడ్లు.

ఈ జాతిలో గుడ్లతో ఉన్న ఆడదాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పట్టి స్పిరిట్‌లో వేస్తే పుస్తకాల్లో తన పేరు నిలిచిపోతుంది. చేతిలోని గాజు గొట్టం మూత అప్పటికే తీసి ఉంది.

"పట్టవేమే? దీని కోసమేగా సీసా పాతావు?"

"ఇదొక్కటే మిగిలిందేమో బాబాయ్." గొట్టం మూత బిగించేసింది.

ఒబ్రెన్ కాసేపు పిల్ల వంక, కాసేపు తిత్తి వంక చూశాడు. ఏడాది కష్టం అది. తిత్తి దించకుండానే ఖాళీ బుట్ట భుజాన వేసుకున్నాడు.

"తిత్తి ఏదని పిన్ని అడిగితే?" అంది రొసాందా.

"పురిటి మనిషి ఉండగా సామాను కదపకూడదని చెప్తాలే," అని, లాంతరు వెలుగు దాని మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.